వెయిట్‌లిఫ్టింగా, పవర్‌లిఫ్టింగా? మన వరంగల్ పిల్లలకు ఏది, ఎక్కడ

మొన్న ఎండాకాలం సెలవుల్లో పరకాల అవతలి ఊరి నుంచి మా అక్క ఫోన్ చేసింది. వాళ్ల బిడ్డ అప్పుడే తొమ్మిదో తరగతి పరీక్షలు రాసింది. షాట్‌పుట్ బాగా వేసే పిల్ల. స్కూల్లో పీఈటీ సార్ వెయిట్‌లిఫ్టింగ్‌లో వేయమన్నాడట. ఊళ్లో జిమ్ నడిపే అబ్బాయేమో పవర్‌లిఫ్టింగ్ అయితే తొందరగా మెడల్ కొట్టొచ్చన్నాడట. మా బావ మనసు హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ మీద ఉంది. "నువ్వు ఇన్నేండ్లు ఆ రాడ్డుతోనే గడిపినవు కదరా తమ్ముడూ, ఏది మంచిదో నువ్వే చెప్పరాదు" అంది అక్క.

ఇది ఫోన్లో తేలే ముచ్చట కాదు. ఆదివారం పిల్లను తీసుకుని హన్మకొండకు రమ్మన్నాను. ఆ రోజు వాళ్లకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను, ఇదే ప్రశ్నతో తిరుగుతున్న తల్లిదండ్రులు మన దగ్గర ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి. నేను కోచ్‌ను కాను. యూనివర్సిటీ పోటీల దాకా ఎత్తి, భుజం దెబ్బతో ఆపేసినవాణ్ని.

ముందు రెండు ఆటల తేడా. వెయిట్‌లిఫ్టింగ్‌లో లిఫ్టులు రెండే. స్నాచ్‌లో రాడ్డును నేల మీది నుంచి ఒకే ఊపులో తల మీదికి లేపాలి. క్లీన్ అండ్ జర్క్‌లో ముందు భుజాల మీదికి తెచ్చుకుని, లేచి నిలబడి, అక్కడి నుంచి తల మీదికి పంపాలి. ప్రెస్ అని మూడోది కూడా ఉండేది, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత తీసేశారు. పవర్‌లిఫ్టింగ్‌లో మూడు లిఫ్టులు: స్క్వాట్ (రాడ్డును భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని ఛాతీ మీది నుంచి రాడ్డును పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డును పట్టుకుని నిటారుగా నిలబడటం). వీటిలో ఏదీ తల మీదికి పోదు. ఇది ఒలింపిక్స్‌లో లేదు. పారాలింపిక్స్‌లో మాత్రం బెంచ్ ప్రెస్ ఒక్కటే పవర్‌లిఫ్టింగ్ పేరుతో ఉంది. రెండు ఆటల్లోనూ ఒక్కో లిఫ్ట్‌కు మూడు ఛాన్సులు ఇస్తారు, ప్రతి లిఫ్ట్‌లో ఎక్కువ ఎత్తింది తీసుకుని టోటల్ కడతారు.

పవర్ అనే మాట పవర్‌లిఫ్టింగ్ పేరులో ఉంది గానీ, వేగం కావాల్సింది వెయిట్‌లిఫ్టింగ్‌కే. డెడ్‌లిఫ్ట్ మెల్లగా, వణుకుతూ నాలుగైదు సెకన్లు పట్టినా, రాడ్డు కిందికి జారకుండా పైకి వస్తుంటే చెల్లుతుంది. స్నాచ్‌లో అట్లా కుదరదు. రాడ్డు నేల విడిచాక అంతా సెకను అటూ ఇటూ, అంతే. రాడ్డు ఇంకా పైకి పోతుండగానే మనిషి దాని కిందికి దూరాలి. పైకి లాగడం కన్నా కిందికి దూరడమే కష్టం, అక్కడే భయం. అందుకే "పిల్లకు బలముంది" అన్న ఒక్క మాట మీద ఈ ఆటలో వేయొద్దని అక్కకు చెప్పాను. నిలబడిన చోటు నుంచి ఎంత దూరం దూకుతుంది, మొదటి ముప్పై మీటర్లు ఎట్లా ఉరుకుతుంది, అవి చూడాలి.

లిఫ్ట్ పోయినప్పుడు ఏమవుతుంది?

ఆటను ఎంచుకోవాలన్నా, జిమ్‌ను ఎంచుకోవాలన్నా నేను మొదట చూసేది ఇదే. అందరూ బరువు ఎట్లా లేస్తుందో చూస్తారు. లేవకపోతే ఏమవుతుందో ఎవరూ అడగరు. నేర్చుకునే పిల్లలకు రోజూ ఏదో ఒక లిఫ్ట్ పోతూనే ఉంటుంది.

పవర్‌లిఫ్టింగ్‌లో కాపాడటానికి పక్కన మనుషులుంటారు. స్క్వాట్‌లో లేవలేకపోతే ఇటొకరు అటొకరు రాడ్డు పట్టుకుంటారు. బెంచ్‌లో రాడ్డు ఛాతీ మీద ఆగిపోతే లేపేది వాళ్లే. కాబట్టి ఒంటరిగా చేసే ఆట కాదిది, నమ్మకమైన ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ పక్కనుండాలి. డెడ్‌లిఫ్ట్‌ను పైకి తెచ్చాక పడేయడానికి వీల్లేదు, రెండు చేతులతో పట్టుకుని కిందికి దింపాలి. పడేస్తే లిఫ్ట్ చెల్లదు.

వెయిట్‌లిఫ్టింగ్‌లో దగ్గర ఎవరూ ఉండరు. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున్న ప్లాట్‌ఫారం మీద మనిషి, రాడ్డు, అంతే. స్నాచ్ పోతే రాడ్డును ముందుకు నెట్టి వెనక్కి తప్పుకోవాలి, లేదంటే వెనక్కి వదిలేసి ముందుకు దూకాలి. పక్కనుంచి ఎవరైనా పట్టుకోబోతే ఇద్దరికీ దెబ్బే. అందుకే మంచి కోచ్ బరువు ఎత్తడం కన్నా ముందు పడేయడం నేర్పుతాడు. ఆ పడే దెబ్బ ఓర్చుకోవడానికే రబ్బరు ప్లేట్లుంటాయి, బంపర్లంటారు. ఎరుపు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. అన్నింటి వ్యాసం 45 సెంటీమీటర్లే, అందుకే బరువు మారినా రాడ్డు నేల నుంచి అదే ఎత్తులో ఉంటుంది.

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయి హమాలీలను చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. బస్తాను వాళ్లు వీపు మీదికి ఎక్కించుకున్నంత సులువుగా దింపలేరు. విసిరేస్తే సంచి పగులుతుంది, కాయ పాడవుతుంది. అందుకే మోకాళ్లు వంచి, నడుం బిగబట్టి దింపుతారు. నడుం నొప్పి గురించి అడిగితే వాళ్లు చెప్పేదీ దింపుడు గురించే. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఎత్తేవాళ్లకు పడేసే హక్కు ఉంది. ఆ హక్కు లేని చోట స్నాచ్ చేయించకూడదు.

ఇది నా ఒంటి మీద నేర్చుకున్నాను. పదిహేడేళ్లప్పుడు నేను చేరిన జిమ్ బోర్డు మీద వెయిట్‌లిఫ్టింగ్ అని పెద్ద అక్షరాలతో ఉండేది. లోపల టైల్స్ నేల, ఇనుప ప్లేట్లు. "కింద పడేసినవంటే టైల్ పైసలు నువ్వే కట్టాలె" అని మొదటి రోజే చెప్పారు. ఒక సాయంత్రం 60 కిలోలు తల మీదికి పోయింది గానీ వెనక్కి వాలింది. వదిలేస్తే అయిపోయేది. టైల్ గుర్తొచ్చింది. దింపాలని చూశాను. కుడి భుజంలో ఏదో టక్కుమంది. ఆ భుజం మళ్లీ పూర్తిగా కుదురుకోలేదు.

కాబట్టి నా లెక్క ఇది. రబ్బరు ప్లేట్లు, పడేయడానికి చోటు, పడేస్తే తిట్టని కోచ్ ఉంటే వెయిట్‌లిఫ్టింగ్. గట్టి స్క్వాట్ ర్యాక్, మంచి బెంచ్, పక్కన నిలబడే మనుషులు మాత్రమే ఉంటే పవర్‌లిఫ్టింగ్. వీధి జిమ్ముల్లో ఎక్కువ చోట్ల కనిపించేది రెండోదే. పవర్‌లిఫ్టింగ్‌కు అది చాలు, తక్కువగా ఏం చూడక్కర్లేదు.

చీపురు కర్రతో ఒక పరీక్ష

మా ఇంటి వరండాలోనే పిల్లను నిలబెట్టాం. చేతికి పొడుగు చీపురు కర్ర ఇచ్చాను. చేతులు బాగా ఎడంగా పెట్టి కర్రను తల మీద పట్టుకోవాలి, మోచేతులు వంగొద్దు. అట్లాగే కిందికంటా కూర్చోవాలి, మడమలు లేవొద్దు.

ఆమె కూర్చుంటే మడమలు నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. పత్తి చేన్లో, వాకిట్లో గొంతుక్కూర్చుని పని చేసే ఇంటి పిల్ల, ఆ చీలమండలకు ఎవరూ నేర్పక్కర్లేదు. కర్ర మాత్రం మెల్లగా నుదుటి ముందుకు జారింది. "వెనక్కి అను బిడ్డా" అన్నాను. అంది. ఈసారి మడమల మీద తూలి, ఒక చెయ్యి నేలకు ఆనించి నవ్వింది. మూడోసారి కర్ర చెవుల వెనకాల నిలిచింది, రెండు సెకన్లు కదలకుండా ఉంది. నాకు అది చాలు. మా పక్క ఫ్లాట్ అబ్బాయి, ఇంటర్ చదువుతాడు, జిమ్‌లో వంద కిలోల డెడ్‌లిఫ్ట్ చేస్తాడు. అదే కర్రతో సగం దాకా కూడా కూర్చోలేకపోయాడు, మడమలు లేచిపోయాయి. కూర్చునేది కుర్చీలో, బండి మీద. ఆరు నెలలు సాగదీస్తే అతనికీ వస్తుంది. కానీ ఇప్పుడు అతనికున్న బలానికి, ఒంటికి పవర్‌లిఫ్టింగ్ సరిగ్గా సరిపోతుంది. ఆ మాటే చెప్పాను.

వయసూ ఇక్కడే కలుస్తుంది. అంతర్జాతీయంగా వెయిట్‌లిఫ్టింగ్ యూత్ విభాగం 13 నుంచి 17 ఏళ్లు, జూనియర్ 15 నుంచి 20. అంటే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మొదలుపెట్టిన పిల్లకు యూత్ పోటీల్లో రెండు మూడేళ్లు దొరుకుతాయి. ఇరవై దాటాక స్నాచ్ నేర్చుకోవద్దని కాదు, నేర్చుకుని ఆనందించేవాళ్లున్నారు. పోటీకి మాత్రం పన్నెండేళ్ల వయసు నుంచే కర్రతో ఆడుకున్నవాళ్లతో తలపడాలి. డిగ్రీలో, ఉద్యోగంలో ఉండి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను పవర్‌లిఫ్టింగే చెబుతాను. లిఫ్టులు తొందరగా ఒంటబడతాయి, వారానికి మూడు నాలుగు రోజులు చాలు, ఏ నెలకానెల లెక్క పెరగడం కళ్లకు కనిపిస్తుంది.

చిన్నప్పుడు బరువులు ఎత్తితే ఎత్తు ఎదగరన్న భయం మా బావకూ ఉంది. కోచ్ కళ్ల ముందు, వయసుకు తగిన బరువుతో, సరైన పద్ధతిలో చేస్తే ఎదుగుదల ఆగదు. ప్రమాదమంతా చూసేవాళ్లు లేకుండా, మించిన బరువుతో చేయడంలోనే ఉంది.

పోటీ రోజు

ఇది చాలామంది పట్టించుకోరు గానీ, పిల్లల స్వభావాన్ని బట్టి ఎంచుకోవాల్సిన సంగతి. పవర్‌లిఫ్టింగ్ రౌండ్ల ప్రకారం నడుస్తుంది. అందరూ మొదటి ఛాన్స్, తర్వాత అందరూ రెండోది, తర్వాత మూడోది. మన వంతు ఎప్పుడో ముందే తెలుస్తుంది. కష్టమల్లా రిఫరీ మాటతో. బెంచ్‌లో రాడ్డు ఛాతీ మీద కదలకుండా ఆగాక "ప్రెస్" అనేదాకా లేపొద్దు. జిమ్‌లో ఛాతీ మీద కొట్టి ఎగరేసేవాళ్లు మొదటి పోటీలో మూడూ పోగొట్టుకుని వస్తారు.

వెయిట్‌లిఫ్టింగ్‌లో రాడ్డు మీద బరువు పెరుగుతూనే పోతుంది, తగ్గదు. తక్కువ అడిగినవాళ్లు ముందు, ఎక్కువ అడిగినవాళ్లు తర్వాత. పేరు పిలిచాక ఒక్క నిమిషం. వరసగా మనమే ఎత్తాల్సి వస్తే రెండు నిమిషాలు. అవతలివాళ్లు బరువు మార్చుకుంటుంటే మన వంతు ముందుకో వెనక్కో జరుగుతుంది, ఆ లెక్క కోచ్ చూసుకోవాలి. ఒంటరిగా పోటీకి పోయిన పిల్ల ఇక్కడ ఆగమైపోతుంది.

సిడ్నీలో 2000లో కరణం మల్లీశ్వరి ఎత్తింది చూస్తే ఈ ఆట టెన్షన్ ఏమిటో తెలుస్తుంది. 69 కిలోల శరీర బరువు విభాగంలో స్నాచ్ 110, జర్క్ 130, టోటల్ 240. చివరి ఛాన్స్‌కు 137.5 పెట్టించుకుంది, ఎత్తి ఉంటే స్వర్ణం. లిఫ్ట్ పోయింది, కాంస్యం వచ్చింది. మొదటి రెండు స్థానాలవి చెరి 242.5 కిలోలు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ మన తెలుగామె. 2024 పారిస్‌లో మీరాబాయి చాను టోటల్ 199, కాంస్యం వచ్చినామెది 200. మీరాబాయి చివరిసారి 114 పెట్టించుకుంది, లేవలేదు. ఒక్క కిలో తేడా! ఇట్లాంటి ఒత్తిడిలో మెరిసే పిల్లలుంటారు. నిదానంగా, తన పని తను చేసుకుపోయే పిల్లలుంటారు. షాట్‌పుట్ పోటీ రోజు పిల్ల అన్నం తిన్నదా, రాత్రి నిద్రపోయిందా అని అక్కను అడిగాను. "పోటీ ఉంటేనే రెండు ముద్దలు ఎక్కువ తింటది" అంది.

ఎక్కడ చేర్చాలి

బావ అడిగిన స్పోర్ట్స్ స్కూల్ గురించి. సికింద్రాబాద్ అవతల హకీంపేటలో ఉన్నది రాష్ట్ర స్పోర్ట్స్ స్కూల్. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో కూడా స్పోర్ట్స్ స్కూళ్లున్నాయి. వాటిలో పిల్లల్ని ప్రధానంగా నాలుగో తరగతిలో తీసుకుంటారు. ఎంపికలో ఎత్తు, బరువు, పరుగు, దూకడం, మెడిసిన్ బాల్ విసరడం లాంటివి చూస్తారు. చదువు, హాస్టల్, తిండి, శిక్షణ ఒకే చోట. 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన రాగాల వెంకట్ రాహుల్ హకీంపేటలో తయారైనవాడే. మీ పిల్లలు మూడో తరగతిలో ఉండి చురుగ్గా ఉంటే మాత్రం ఇది వదులుకోవద్దు, ముఖ్యంగా ఊళ్లలో ఉండేవాళ్లు. కానీ అన్నీ తెలిసే పంపండి. తొమ్మిదేళ్ల పిల్ల అమ్మను వదిలి ఉండాలి. పైగా మీరు అనుకున్న ఆటే అక్కడ ఇస్తారన్న హామీ ఉండదు, ఒంటి తీరును బట్టి వాళ్లు వేరే ఆటలో పెట్టొచ్చు. మా అక్క బిడ్డకు ఆ దారి దాటిపోయింది.

మిగిలింది ఇంటి నుంచి పోయి రావడం. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, కాలేజీ జిమ్‌లు, సొంతంగా నడిపే సెంటర్లు, అన్నీ చూడండి. ఫీజు అడగడానికి ముందు ఒక సాయంత్రం గోడ పక్కన కూర్చుని గంటసేపు ఊరికే చూడండి. పిల్లలు ఖాళీ రాడ్డుతో, కర్రతో చేస్తున్నారా? లిఫ్ట్ పోయినప్పుడు కోచ్ బరువు తగ్గించి మళ్లీ చేయిస్తున్నాడా, లేక ఇంకో ప్లేటు ఎక్కించి "కొట్టు కొట్టు" అని అరుస్తున్నాడా? ఆడపిల్లలకు 15 కిలోల రాడ్డు వేరే ఉందా? మగవాళ్లది 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్లది 25 మిల్లీమీటర్లు. చిన్న చేతికి ఆ మూడు మిల్లీమీటర్లు చాలా పెద్ద తేడా, ఎందుకంటే ఈ ఆటలో బొటనవేలిని రాడ్డుకు చుట్టి, దాని మీద మిగతా వేళ్లు వేసి పట్టుకోవాలి. హుక్ గ్రిప్ అంటారు. మొదటి రెండు వారాలు బొటనవేలు కందిపోయి, రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు మండుతుంది.

దూరం లెక్క వేసుకోండి. వెయిట్‌లిఫ్టింగ్‌కు వారానికి ఐదారు రోజులు కావాలి, స్నాచ్ చేతికి మరుపు రాకూడదు. నర్సంపేట నుంచో, పరకాల నుంచో రోజూ బస్సెక్కి వచ్చి, రాత్రి తిరిగి పోవడం పదో తరగతి పిల్లకు అయ్యే పని కాదు. చుట్టాలింట్లోనో హాస్టల్‌లోనో ఉండే ఏర్పాటు లేకపోతే, ఊరికి దగ్గర్లో మూడు రోజులు పవర్‌లిఫ్టింగ్ చేయడం మేలు. సగం సగం స్నాచ్ మాత్రం వద్దు.

సర్టిఫికెట్ల దగ్గర జాగ్రత్త. పవర్‌లిఫ్టింగ్‌లో సంఘాలు చాలా ఉన్నాయి, ఎవరికి వాళ్లు పోటీలు పెడతారు, పేరులో నేషనల్ అని ఉంటుంది. మెడల్ మెరుస్తుంది గానీ, స్పోర్ట్స్ కోటా సీటుకో ఉద్యోగానికో పెడితే చెల్లకపోవచ్చు. ఎంట్రీ ఫీజు కట్టే ముందు, మీరు రాయాలనుకున్న నోటిఫికేషన్‌లో ఆ ఆట పేరు, ఏ సంఘం సర్టిఫికెట్ అడిగారు, రెండూ చదవండి. కోటా కోసమే అయితే వెయిట్‌లిఫ్టింగ్ దారి సూటిగా ఉంటుంది. జిల్లా, రాష్ట్రం, జాతీయం అని మెట్లు స్పష్టంగా ఉంటాయి.

డబ్బాల్లో అమ్మే పొడుల గురించి బావకు గట్టిగానే చెప్పాను. జిమ్ కౌంటర్ మీద ఎవరో ఇచ్చిన పొడి, మాత్ర, ఇంజెక్షన్ ఏదీ పిల్లకు ఇవ్వొద్దు. డోప్ పరీక్షలో దొరికితే "నాకు తెలియదు, కోచ్ ఇచ్చాడు" అంటే ఒప్పుకోరు, ఒంట్లో ఉన్నదానికి బాధ్యత ఆటగాళ్లదే. ఏళ్ల తరబడి నిషేధం పడుతుంది. గుడ్లు, పాలు, పప్పు, పల్లీలు, వారానికి రెండుసార్లు కోడికూర, ఇవి కడుపునిండా పెట్టండి. బరువు విభాగం కోసం ఎదిగే పిల్లను ఎండగట్టడం కూడా అంతే తప్పు. పోటీకి రెండు గంటల ముందు బరువు చూస్తారు. ముందురోజు నుంచి నీళ్లు మాన్పించి, మన ఎండల్లో స్వెటర్ వేసి ఉరికించేవాళ్లున్నారు. అట్లాంటి కోచ్ దగ్గర నుంచి వెంటనే పిల్లను తీసుకొచ్చేయండి. మొదటి రెండేళ్లు ఎంత బరువు తూగితే ఆ విభాగంలోనే ఎత్తనివ్వండి.

షూస్ గురించి రెండు ముక్కలు. వెయిట్‌లిఫ్టింగ్ షూస్‌కు మడమ సుమారు రెండు సెంటీమీటర్లు ఎత్తుగా, గట్టిగా ఉంటుంది, లోతుగా కూర్చోవడానికి. డెడ్‌లిఫ్ట్‌కు చదునైన పలుచని అడుగు కావాలి. మెత్తగా కుంగే రన్నింగ్ షూస్ రెండింటికీ పనికిరావు. మొదటి మూడు నెలలు ఏదీ కొనొద్దు, చదునైన కాన్వాస్ బూట్లు చాలు. బెల్టు ఇంకా తర్వాత.

ఆడపిల్లకు చేతులు మొద్దుబారవా, ఒళ్లు మగవాళ్లలా అయిపోదా అని అక్క చివర్లో, పిల్ల వంటింట్లోకి పోయాక మెల్లగా అడిగింది. అరచేతుల్లో కాయలు కాస్తాయి, నిజమే. పత్తి ఏరితే చేతులు గీరుకుపోవడం లేదా? ఒళ్లు గట్టిపడుతుంది, నడక మారుతుంది. మగవాళ్ల ఒళ్లు రాదు. అక్క ఏమీ అనలేదు, తన అరచేతులు ఒకసారి చూసుకుంది.

పిల్లనే అడిగాను, ఏది చేస్తావని. "తల మీదికి ఎత్తేదే చేస్త మామా" అంది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉండి పదో తరగతి చదువుతోంది. చేరి ఏడు వారాలైంది. ఆరు వారాలు కర్రే. పోయిన సోమవారం 15 కిలోల రాడ్డు ఇచ్చారు, మొదటి రోజు పదిసార్లు వెనక్కి పడేసి ముందుకు దూకడమే చేయించారు. బొటనవేలికి టేపు చుట్టుకుని వచ్చి, ఆ రాత్రి చెంచాతో అన్నం తిన్నది.